వైరస్ ఎక్కిన ప్రభ

రిటైరైన మనిషి కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలంటారు. నా వల్ల కావడం లేదు. ఇంట్లో ట్యూబులైటు ఒక్కసారి రెపరెపలాడితే చాలు, కుర్చీ లాక్కుని పైకెక్కుతాను. మా ఆవిడ కింద నుంచి కుర్చీ పట్టుకుని తిడుతుంది. నరసరావుపేటలో ఒక లైటింగు షెడ్డులో నా ఉద్యోగమంతా గడిచింది. పెళ్ళి పందిళ్ళు, వినాయకుడి మండపాలు, పార్టీల సభలు, అన్నింటికీ మించి కోటప్పకొండ ప్రభలు. ఇప్పుడు ఆ పనిలో ఉన్న మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మేస్త్రీ, మీ కాలంలో ఇది ఎలా చేసేవాళ్ళు అని అడుగుతుంటారు. ఎలా చేసేవాళ్ళమో నాకంటే మీకే బాగా తెలుసు, లాప్‌టాప్ మీ ఒళ్ళో ఉంది. నేను చెప్పగలిగింది ఒక్క ప్రభ సంగతి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు ఊరుకోవు.

ప్రభ ఎరగని వాళ్ళు కూడా మీలో ఉండవచ్చు. శివరాత్రికి కొండ చుట్టుపక్కల ఊళ్ళు దేనికది ఒక ప్రభ కడతాయి. సరుగుడు బాదులతో తాటిచెట్టును మించిన చట్రం లేపి, రంగు బట్టలు చుట్టి, బల్బుల బోర్డులు బిగించి, ట్రాక్టరు బండి మీద నిలబెట్టి కొండ కిందికి తీసుకెళతాయి. నాలుగు వైపులా మోకులు కట్టి మనుషులు పట్టుకుంటారు. గాలి ఎటు కొడితే ఆ ఎదుటి మోకు లాగాలి. అంత ఎత్తు ప్రభ నిలబడేది ఆ మోకుల మీదే. నా పని బల్బుల వరకే.

ఆ పనిలో చేరిన కొత్తలోనే నాకు నేర్పిన కట్టుబాటు ఒకటుంది. ప్రభ మీద బొమ్మ మారవచ్చు, రంగు మారవచ్చు, ఏదీ ఆరిపోకూడదు. దారిలో చీకటైన ప్రభ ఊరికి మంచిది కాదని పెద్దలు అంటారు. నాకు దేవుడి కారణం కంటే మోకుల కారణం బాగా అర్థమయ్యేది. సంజ మసకలో మోకుల వాళ్ళు పై దీపాలను చూసే ప్రభ ఎటు ఒరుగుతున్నదో పసిగడతారు. దీపాలు ఆరితే వాళ్ళకు కళ్ళు కట్టేసినట్టే. అందుకని మా షెడ్డులో నెమలి పురి విప్పినా, గంగ దూకినా, ఒక లైను ఆరేలోపు పక్క లైను వెలగాల్సిందే. ఆ లెక్కలోనే నా బుర్ర అరిగిపోయింది.

ఇక అసలు సంగతి. శివరాత్రికి ఇంకా నెల పైచిలుకు ఉండగా ఒక పెద్దాయన కర్ర పొడుచుకుంటూ షెడ్డుకు వచ్చాడు. కొండకు రెండు ఊళ్ళ అవతల మిర్చి, పత్తి వేసే రైతు. డెబ్బై దాటిన మనిషి. నాకు బాగా తెలుసు. కుర్రతనం నుంచీ వాళ్ళ ఊరి ప్రభకు ముందు మోకు పట్టింది ఆయనే. రెండేళ్ళ కిందట కాలికి పుండు పడ్డాక ఆ మోకు మరొకరి చేతిలో పెట్టాడు. ఆయన బతకడు, బతికినా కాలు ఉండదు అని చెప్పుకోగా విన్నాను. ఇప్పుడు రెండు కాళ్ళ మీదే వచ్చాడు. ఎడమ కాలికి ఒక వేలు లేదు, అంతే.

వచ్చీ రాగానే ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. గాజుతో చేసిన బొమ్మ, లోపల నీలం లైటు. పైన పలకలు పలకలుగా చెక్కిన తల, దాని కింద సన్నని మెడ, మెడ కింద ఆరు వంకర కాళ్ళు.

"ఏంది పెదనాయనా ఇది, వాటర్ ట్యాంకుకి సాలీడు కాళ్ళు పెట్టినట్టుంది" అన్నాను.

మా షావుకారు కళ్ళజోడు సవరించుకుని ఫోన్ అందుకున్నాడు. "రాకెట్టు గదా. ఆ మధ్య స్కూలు వాళ్ళకి చేశాం, ఫ్రేము ఉంది."

"వైరసు" అన్నాడు పెద్దాయన.

షావుకారు ఫోన్‌ను మెల్లగా బల్ల మీద పెట్టి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఎందుకంట అంత భయం? నా కాలు నిలబెట్టింది ఇదే" అని పెద్దాయన కుర్చీలో కూలబడి కాలు చాపాడు. మిర్చి చేలో మేకు గుచ్చుకుంది. ఒంట్లో షుగరు ఉంది. పుండు గుంటూరు ఆసుపత్రిలో నెలల తరబడి మానలేదు. అందులో చేరిన బ్యాక్టీరియా ఏ మందుకూ లొంగేరకం కాదట. మోకాలి కింద తీసేయాలన్నారు. ఆఖరి ప్రయత్నంగా మనవరాలు ఆయన్ను పెద్ద నగరానికి తీసుకెళ్ళింది. అక్కడొక డాక్టరమ్మ పుండులోని చీము తీసి ల్యాబుకు పంపి, సరిగ్గా ఆ బ్యాక్టీరియానే తినే వైరస్‌ను వెతికించింది. అనుమతులు తెప్పించి కాలికి పట్టించింది. ఆ ఆసుపత్రి హాల్లో ఎవరో కళాకారుడు చేసిన ఈ గాజు వైరస్ వేలాడుతుండేదట. చక్రాల కుర్చీలో తోసుకెళ్ళే ప్రతిసారీ ఆయన దాని కింద నుంచే పోయేవాడు.

"ఎక్కడ దొరికిందో తెలుసా అది? మురుగు నీళ్ళల్లో" అని ఆయన నవ్వాడు. "పత్తికి శనగపచ్చ పురుగు పట్టినప్పుడు ఎన్‌పీవీ కొట్టలా మనం? చచ్చిన పురుగుల్ని నూరి ఆ నీళ్ళు చేలో కొట్టలా? అందులో ఉండేదేంది మరి, పురుగుని చంపే వైరసే గదా. ఇదీ అట్టాంటిదే. బ్యాక్టీరియా మీద దిగుద్ది, కాళ్ళతో పట్టుకుంటది, సూది దింపి లోపలికి విత్తనం ఎక్కిచ్చుద్ది. దాని కడుపులోనే దీని పిల్లలు పుట్టి, నిండి, అది టప్పున పగిలిపోద్ది. మనుషుల జోలికి రాదు. మంచం మీద పడుకునే కొండ మీది కోటయ్యకి మొక్కుకున్నా. కాలు ఉంటే, కాలు నిలబెట్టినదాని బొమ్మ నీ ప్రభ మీద వెలిగిత్తానని."

వైద్యం మీద అంత సులువైన పాఠం నేను ఇంతవరకూ వినలేదు. నాకు ఒప్పుకోవాలని అప్పుడే చేతులు దురద పెట్టాయి. నలభై ఏళ్ళు నెమళ్ళు చేసి చేసి విసుగెత్తి ఉన్నాను.

మా షెడ్డులో ఇనుము ఎప్పుడూ ఊరికే పోదు. షావుకారు గుండె అటక మీద ఉండేది, పాత ఫ్రేముల మధ్య. ఏనుగు తొండం నెమలి మెడ అయ్యేది. ఒక పార్టీ సభకు చేసిన గుర్తును వంచి, సాగదీసి ఇంకో పార్టీ సభకు పంపిన రోజులున్నాయి. రెండు పార్టీల వాళ్ళూ బాగుందనే అన్నారు. అదే పద్ధతిలో వైరస్‌కు రాకెట్టు నడుము దొరికింది, ఒక అమ్మవారి కిరీటం తల అయింది, కాళ్ళు మాత్రం కొత్తగా వంచాం. మిగిలింది కింద ఉండాల్సిన బ్యాక్టీరియా. ఫొటోల్లో అది క్యాప్సూల్ మాత్రలాగా పొడుగ్గా ఉంది. అలాంటి ఫ్రేము అటక మీద లేదు. గుండ్రనిది ఉంది. మాస్కు పెట్టుకోండి, దూరం పాటించండి అని ప్రచారం చేసిన రోజుల్లో పేట సెంటర్లో నిలబెట్టిన బంతి, దాని చుట్టూ మేకుల్లాంటి ముళ్ళు.

"పురుగు పురుగే గదా" అన్నాడు షావుకారు.

మా షెడ్డులో ప్రోగ్రాం రాసే అమ్మాయి ఒకతె ఉండేది. డిప్లొమా చదివింది, వినుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చేది. పల్లీ చిక్కీ నములుతూ బల్బులను ఆడించేది. నాతో పోట్లాడని రోజు ఆమెకు తిన్నది అరిగేది కాదు. ఆమె అటక వైపు చూసి, "బాబాయ్, ఇది కరోనా బొమ్మ" అంది.

"అంత ఎత్తున ఎవరు పోల్చుకుంటారమ్మా" అన్నాను. నాకూ లోపల పొసగలేదు. కానీ టైం లేదు, కొత్త ఇనుము కొనమంటే షావుకారుకు ఆయాసం వస్తుంది.

"పోనీ అది. వైరస్ దిగి కూర్చున్నాక ఈ బంతి ఆరిపోవాలి గదా. చావాలి గదా."

"ప్రభ మీద ఏదీ ఆరదు."

"మరి చచ్చినట్టు ఎట్టా తెలుస్తది?"

బంతి ఎర్రగా వెలిగేటట్టు, వైరస్ దిగినప్పుడు కాస్త పచ్చగా మారేటట్టు రాయించాను. ఆమె చిక్కీ ముక్కను పటుక్కున కొరికింది. ఆ చప్పుడు చాలాసేపు నా చెవిలో ఉండిపోయింది.

శివరాత్రికి వారం ముందు ఆ ఊళ్ళో ట్రయల్ వేశాం. ప్రభను ఇంకా నిలబెట్టలేదు, బోర్డును మాత్రం చావిడి గోడకు ఆనించి, దీపాలు పెట్టే వేళకు జనరేటర్ ఆన్ చేశాం. ఊరంతా వచ్చింది. పెద్దాయన కోసం ముందు కుర్చీ వేశారు. ముందు మోకు పట్టే మనిషి కల్లం నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా మిర్చి దుమ్ము. యాభైకి దగ్గరలో ఉంటాడు, వెడల్పాటి భుజాలు. పెద్దాయన మోకు అప్పగించింది అతనికే. ఆ ఏటి కొత్త మోకు చుట్ట భుజాన వేసుకుని ఉన్నాడు.

బోర్డు వెలిగింది. ముందు బంతి వెలిగింది. పిల్లలు ఒక్కసారిగా "కరోనా, కరోనా" అని కేక పెట్టారు. పై నుంచి వైరస్ గీత గీతగా దిగింది, బంతి మీద వాలింది. బంతి పచ్చబడింది, మళ్ళీ ఎర్రబడింది, వెలుగుతూనే ఉంది.

నేను జనం మొహాల వైపు తిరిగాను. పని ఎలా వచ్చిందో నాకు బోర్డు చెప్పదు, మొహాలు చెపుతాయి. మోకు మనిషి మొహంలో ఏమీ లేదు. అతను భుజం మీది చుట్టను దించి నేల మీద పెట్టాడు. మా వైపు మోకు కింద పెట్టాడంటే ఇక పట్టడని అర్థం. అతని వెనక వాళ్ళ బజారు మగవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

"ఎవురు పెట్టమన్నారు మేస్త్రీ ఆ గుండుని?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా పెళ్ళాన్ని తిన్నదాన్ని ప్రభ ఎక్కిచ్చి, నన్ను మోకు పట్టమంటారా?"

అతను వెళ్ళిపోయాడు. జనరేటర్ మాత్రం డబడబా కొట్టుకుంటూ ఉంది, దాన్ని ఆపాలని కూడా నాకు తోచలేదు.

పెద్దాయన కుర్చీలోంచి లేచి బోర్డు దగ్గరకు వచ్చాడు. "నా ఫోన్లో మాత్ర బిళ్ళలాగా పొడుగ్గా గదా ఉంది. ఇది గుండు ఎట్టా అయింది?" పాత ఫ్రేము సంగతి చెప్పాను. "నీ ఇల్లు బంగారం గాను మేస్త్రీ" అని కర్రతో నేల మీద రెండు పోట్లు పొడిచాడు. నాలుగు తిట్లు తిడితే బాగుండేది.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అన్నం ముందు కూర్చుంటే లేచిపోయేవాణ్ణి. షెడ్డుకు వెళితే ఇంటికి రావాలనిపించేది. షావుకారు నెమలి బోర్డు కట్టి పంపేద్దామన్నాడు. ఊరి పెద్దలూ అదే మాట. ముందు మోకు లేకుండా ప్రభ కదలదు, కొత్తవాడి చేతిలో పెట్టి గాలికి ఒరిగితే ఎవరు పూచీ. ఆ ఊరి ప్రభ కొండకు రాని శివరాత్రి ఎవరికీ గుర్తు లేదు. పెద్దాయన పొద్దునా సాయంత్రం ఫోన్ చేసేవాడు. "నెమలికి నేను మొక్కుకోలా. మొక్కు ఎగ్గొట్టి ఈ కాలు మీద ఎట్టా నడవమంటావు?" అనేవాడు. కాలు నిలబడింది, ఆ కాలితో నిలబడాల్సిన చోటు పోయేటట్టుంది. అది నా షెడ్డు ఇనుము చేసిన పని.

చివరికి ఇద్దరం కలిసి మోకు మనిషి దగ్గరకు వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం, ఊరి బయట మిర్చి కల్లం. నేల కనపడకుండా ఎర్రగా పరిచిన కాయలు. ఆ ఘాటుకు నేను దగ్గుతూనే ఉన్నాను. అతను తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కకు పోస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, కానీ ఒక గోనెపట్టా జరిపి పెద్దాయనకు చోటు చేశాడు.

పెద్దాయన కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక రెండు తాలుకాయలు ఏరి అవతల వేశాడు. తరవాత అన్నాడు. "ఆ గుండు నేను పెట్టమనలా. మేస్త్రీ పాత ఇనుము తగిలిచ్చాడు. నా కాలి పురుగు పొడుగ్గా ఉంటది."

"అది కాదు మావా" అన్నాడు అతను. పెద్దాయన అతనికి సొంత మామ కాదు, ఊరి వరస. "ఆ బొమ్మ ఆసుపత్రి గోడ మీద ఉండేది. అంబులెన్సు మీద ఉండేది. ఎవురికి ఫోన్ చేసినా ముందు దగ్గే వినపడేది. లోపలికి రానియ్యలా నన్ను. గేటు బయట కూసుని ఆ గోడ మీద గుండునే చూసుకుంటా కూసున్నా. నా ఇంటిది చచ్చిపోయిందని చెప్పటానికి వచ్చిన మనిషి మొహం కూడా నేను చూళ్ళా, మాస్కు ఉంది గదా. చూసిందల్లా ఆ గుండే."

నాకు అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది.

"తీసేయిత్తాం నాయనా" అన్నాడు పెద్దాయన.

అతను కాయలు ఏరడం ఆపాడు. "ఈ సాలీడు దాన్ని తింటదా?"

అబద్ధం చెప్పడానికి అదే సమయం. నేనైతే చెప్పేవాణ్ణేమో. పెద్దాయన చెప్పలేదు. "తినదు. దీని తిండి వేరు. ఇది నా కాలి పురుగునే తినేది. నీ ఇంటిదాన్ని తిన్నదాన్ని తినేది అప్పటికి రాలా."

అతను తల ఊపాడు. మళ్ళీ కాయల మీద చెయ్యి వేశాడు. వేసి, నా వైపు తిరిగాడు. "మేస్త్రీ, ఒక మాట. నేను చూశా. సాలీడు దిగింది, కూసుంది. గుండు అట్టాగే వెలుగుతా ఉంది. తిన్నదేంది మరి? ఏ పురుగైతే ఏంది, ఏదో ఒకటి చావాలి గదా. చచ్చేది లేకపోతే ఆ బొమ్మ ఎందుకు?"

ఆ డిప్లొమా అమ్మాయి అడిగిందే. ఆమెకు చెప్పని జవాబు ఇప్పుడు ఇతనికి చెప్పాల్సి వచ్చింది. ప్రభ మీద దీపం ఆరకూడదని, ఆరితే ఒరుగు కనపడదని, అది నీకోసమే పెట్టుకున్న కట్టుబాటని.

"నాకోసమే అయితే నేను చెప్తన్నా, ఆర్పు" అన్నాడు. "ప్రభ నిలబడ్డాక ఆర్పు, నడిచేటప్పుడు వద్దు. మోకు నా చేతిలో ఉంటది. చేతికి తెలుసుద్ది."

పెద్దాయన అతని భుజం పట్టుకుని లేచాడు. కర్ర కల్లంలోనే మరిచిపోయి నాలుగడుగులు వేశాడు, నేను వెనక్కి వెళ్ళి తెచ్చిచ్చాను.

మర్నాడు పొద్దున్నే మోకు మనిషి షెడ్డుకు వచ్చాడు. పిలవలేదు. అప్పటికి బంతిని కిందికి దించి, రెండు చిప్పలుగా కోసి, మధ్యలో గుండ్రటి కడ్డీలు పెట్టి పొడుగు చేద్దామని గీతలు గీసి ఉంచాం. షావుకారు ఇనుము పోదు, పెద్దాయన పురుగు పొడుగవుతుంది. ముళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి.

"అవి నేను కోత్తా" అన్నాడు.

కటింగ్ మిషను ఎలా పట్టాలో చూపించాను. కళ్ళకు అద్దాలు ఇచ్చాను. మొదటి ముల్లు దగ్గర చెయ్యి జారింది, తరవాత కుదిరింది. నిప్పురవ్వలు లేస్తుంటే మేము పని ఆపి నిలబడ్డాం. షావుకారు కూడా. ఒక్కో ముల్లు సిమెంటు నేల మీద టంగున పడుతుంటే అతను దాన్ని కాలితో పక్కకు తోసి తరవాతిది అందుకునేవాడు. అన్నీ అయ్యాక బంతి నున్నగా, ఎందుకూ కొరగానిదానిలా ఉండిపోయింది. అతను అద్దాలు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రవ్వలకే అయ్యుంటుందని షావుకారు టీ చెప్పాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. ఊరి పెద్దలతో కూడా అతనే మాట్లాడాడట, మోకు పట్టేవాడే ఒప్పుకున్నాక వాళ్ళు కాదనలేదు.

ఆర్పడం మా ప్రోగ్రాం అమ్మాయికి పండగ. కానీ నాకు చీకటి చేయడం చేతకాదని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ ఒక లైను ఆరేలోపు ఇంకోటి వెలిగించడమే నేర్చుకున్నాను. పగిలిన దానిలోంచి పిల్ల వైరస్‌లు గుంపుగా లేచి బోర్డంతా నిండాలి, ఆ ముందు నల్లగా ఉండాలి. ఎంతసేపు ఉండాలి? ఆమె ఒక బటన్ పెట్టింది. నేను నొక్కి పట్టుకున్నంతసేపు చీకటి. వదిలితే పిల్లలు లేస్తాయి. "నీ ధైర్యం ఎంతో అంతసేపు బాబాయ్" అంది.

శివరాత్రి నాడు ప్రభ మధ్యాహ్నానికే కదిలింది. కరెంటు వాళ్ళు దారిలో తీగలు తప్పిస్తూ ముందు నడిచారు. నేను జనరేటర్ బండి మీద, బటన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని. ఆ దారంతా నేను కూర్చున్నది లేదు. గాలి ఉండీ లేనట్టు ఉంది, అదే మరీ కష్టం, ఎటు నుంచి లేస్తుందో తెలియదు. మలుపు దగ్గర ప్రభ నెత్తి ఒకసారి ఊగింది. మోకు మనిషి గొంతు వినపడింది, వెనక మోకులు బిగిశాయి, మళ్ళీ నిటారుగా అయింది. పెద్దాయన్ను ఆటోలో రమ్మంటే వినలేదు. ట్రాక్టరు పక్కనే కర్ర పొడుచుకుంటూ నడిచాడు. నడవలేక కాసేపు ఆగుతూ, మొండితనంతో కాసేపు సాగుతూ. చూడలేక నేను మొహం తిప్పుకునేవాణ్ణి.

కొండ కిందికి చేరేసరికి సంజ పడింది. మిగతా ఊళ్ళ ప్రభలు అప్పటికే వెలుగుతున్నాయి, నెమళ్ళు, నందులు, నాయకుల మొహాలు. మా ప్రభ నిలబడ్డ చోట చక్రాల కింద చెక్కలు పెట్టారు. మోకులన్నీ బిగించారు. మోకు మనిషి నా వైపు చూసి చెయ్యి ఎత్తాడు.

బోర్డు వెలిగింది. పొడుగాటి పురుగు ఎర్రగా, పైనుంచి నీలం వైరస్ దిగుతూ. జనం తలలు అటు తిరిగాయి. ఏంది అది, రాకెట్టా అన్న మాట ఎక్కడి నుంచో వచ్చింది. కాళ్ళు పురుగును పట్టుకున్నాయి. సూది గీత దిగింది. నేను బటన్ నొక్కాను.

ప్రభ ఆరిపోయింది.

అన్ని ప్రభల మధ్య మాది ఒక్కటే నల్లటి కంత. జనం నోట హా అన్న శబ్దం వచ్చి మధ్యలో ఆగింది. సరిగ్గా అప్పుడే కొండ మీద నుంచి గాలి లేచింది. బట్ట పటపటలాడింది. ఎక్కడో సరుగుడు బాదు కిర్రుమంది. నా వేలు బటన్ మీద బిగుసుకుపోయింది, వదలమంటే వదలదు. చీకట్లో మోకు మనిషి గొంతు ఒక్కటే, తాపీగా, చేలో ఎడ్లతో మాట్లాడుతున్నట్టు. "ఎడం మోకు లాగు. చాలు. వెనక వదులు. ఇంకా వదులు. ఆ, పట్టు."

వేలు వదిలాను. పురుగు పగిలిన చోటు నుంచి చిన్న చిన్న నీలం వైరస్‌లు పైకి లేచాయి, ఒక గుంపు, దాని వెనక ఇంకో గుంపు, ప్రభ నెత్తి దాకా. ప్రభ నిటారుగా ఉంది. "చేదుకో కోటయ్యా" అని జనం అరిచారు. నేను బండి మీద కూర్చుండిపోయాను, ఆ రోజుకు మొదటిసారి.

పెద్దాయన కర్ర పొడుచుకుంటూ ముందు మోకు దగ్గరకు పోయాడు. నేనూ దిగి వెళ్ళాను. ఆయన మొహం తడిసి ఉంది, తుడుచుకోలేదు. "చూశావంటయ్యా, ఆరిపోయింది" అన్నాడు.

"ఏడ చూశా మావా" అన్నాడు అతను, చేతుల్లో మోకు బిగువు చూసుకుంటూనే. "ఆరగానే గాలొచ్చింది. కళ్ళు మూసుకుంటేనే మోకు తెలుసుద్ది. తెరిచేసరికి మళ్ళీ అంతా వెలిగే ఉంది."

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. పెద్దాయన కర్ర అతని చేతికి ఇచ్చాడు.

"మోకు ఇటు తే."

"నీ కాలు..."

"కాలు ఉంది గదా. తే."

ఆయన మోకు నడుముకు ఒక చుట్టు తిప్పుకున్నాడు. చెప్పులు విడిచి, వేలు లేని ఎడమ పాదం మట్టిలో గట్టిగా తొక్కి నిలబడి, పాత గొంతుతో వెనక మోకుల వాళ్ళను ఒకసారి కేకేశాడు. వాళ్ళు పలికారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మోకు మనిషి ఆ కర్ర పట్టుకుని, చేతులకు ఇంకే పనీ లేక, రెండడుగులు వెనక్కి వేసి తల పైకెత్తాడు.

"వెయ్యి మేస్త్రీ" అన్నాడు అతను.

నేను బండి ఎక్కి బొమ్మను మొదటి నుంచి ఆడించి, సూది దిగగానే బటన్ నొక్కాను. ఈసారి చీకటిని కొంచెం ఎక్కువసేపే ఉంచాను.